నేల విడిచి కర్రసాము

మా అమ్మాయి ఐస్ హాకీ నేర్చుకుంటుంటే, మూడు చలికాలాలు నేను రింక్ అద్దం వెనక నిలబడి తనకి సలహాలు ఇచ్చాను. "మోకాళ్ళు వంచు", "తల ఎత్తు", "ఆగడం ఎప్పుడు నేర్చుకుంటావు?" అన్నీ కోచ్ నోట విని అప్పజెప్పినవే. నాలుగో ఏడు ఒకరోజు తను హెల్మెట్ తీసి, "నాన్నా, ఒక్కసారి నువ్వు వంచి చూపించు" అంది. అప్పటికి నాకు 43. చూపించడానికి నా దగ్గర మోకాళ్ళయితే ఉన్నాయి.

పెద్దవాళ్ళ బిగినర్స్ క్లాసులో చేరాను. మొదటి రోజు స్టిక్ పట్టుకోవడం నేర్పుతారనుకున్నాను. కోచ్ మమ్మల్ని ఐస్ మీద వరసగా నిలబెట్టి "ఇప్పుడు పడండి" అన్నాడు. ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. అప్పటిదాకా వద్దన్నా పడుతున్నవాళ్ళం, పడమంటే ఒక్కరమూ పడలేకపోయాం.

పెద్దయ్యాక ఈ ఆట రాదనడానికి మనవాళ్ళు వయసు, బరువు, మోకాలి నొప్పి అని రకరకాల కారణాలు చెబుతారు. ఆరోజు మా వరస చూశాక నాకు వాటి మీద నమ్మకం పోయింది. మమ్మల్ని బిగబట్టింది పడతామన్న భయం ఒక్కటే. ధైర్యం చెబితే అది పోలేదు. ఒంటి నిండా రక్షణ సామాను తొడిగితే పోయింది.

"ముందు ఏడాదిపాటు మామూలు స్కేటింగ్ నేర్చుకో, తర్వాత హాకీ సంగతి చూద్దాం" అని చాలామంది చెబుతారు. వినడానికి పద్ధతిగానే ఉంటుంది కానీ నేను ఒప్పుకోను. జీన్స్, ఉన్ని టోపీ వేసుకుని ఐస్ మీదికి వెళ్ళినవాడు పడకుండా ఉండటం నేర్చుకుంటాడే తప్ప స్కేటింగ్ నేర్చుకోడు. నడుము బిగుసుకుపోతుంది, చెయ్యి గోడని వదలదు. అదే మనిషికి షిన్ ప్యాడ్లు, తుంటి చుట్టూ మెత్తలున్న హాకీ ప్యాంటు, మోచేతి ప్యాడ్లు, భుజాల ప్యాడ్లు, గ్లవ్స్, ముందు జాలీ ఉన్న హెల్మెట్ తొడిగి చూడండి. పావుగంటలో మోకాళ్ళ మీద జారుతూ నవ్వుతుంటాడు. లేవడానికి కూడా ఒక పద్ధతి ఉంది. రెండు మోకాళ్ళ మీదికి వచ్చి, ఒక పాదం ముందుకు వేసి, ఆ మోకాలి మీద చేతులు ఆనించి లేవాలి. చేతులు ఐస్ మీద పెట్టకూడదు, పక్కన వెళ్ళేవాళ్ళ బ్లేడ్ల కింద వేళ్ళు పడతాయి.

సామాను వేసుకుంటే పిరికివాడనుకుంటారేమో అన్న బెంగ ఈ ఆటలో పాతదే. మాంట్రియల్ కెనేడియన్స్ జట్టు గోలీ (గోల్ కాచేవాడు) జాక్ ప్లాంట్ ప్రాక్టీసులో మాస్క్ పెట్టుకునేవాడు కానీ, మ్యాచ్‌లో పెట్టుకోవడం కోచ్ టో బ్లేక్‌కి ఇష్టం లేదు. 1959 నవంబరు 1న న్యూయార్క్‌లో ఆండీ బాత్‌గేట్ కొట్టిన పక్ (ఈ ఆటలో బంతి బదులు వాడేది) ప్లాంట్ మొహాన్ని చీల్చింది. కుట్లు వేయించుకుని వచ్చి, మాస్క్ లేకపోతే మళ్ళీ గోల్‌లో నిలబడనన్నాడు. ఆ రోజుల్లో జట్లు రెండో గోలీని వెంట తెచ్చుకునేవి కావు, బ్లేక్ ఒప్పుకోక తప్పలేదు. ఆ మ్యాచ్ గెలిచారు. ఆ సీజన్ లీగ్ ఛాంపియన్లకిచ్చే స్టాన్లీ కప్ కూడా వాళ్ళదే. అంతటి గోలీయే మొహం చూసుకున్నాడు, మంగళవారం రాత్రి పదిన్నరకి ఆడే మనకెందుకు మొహమాటం?

సామానులో చాలావరకు ఒకరు వాడి వదిలేసింది తీసుకోవచ్చు. పాత ప్యాడ్లకి కంపే తప్ప వేరే రోగం ఉండదు. హెల్మెట్ మాత్రం కొత్తదే కొనండి. గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ కూడా పైకి బాగానే కనిపిస్తుంది. మెడ పట్టీ గాలి ఆడనివ్వదని నేనూ మొదట్లో బ్యాగులోనే వదిలేసేవాణ్ణి. 2023 అక్టోబరులో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో మ్యాచ్ ఆడుతూ ఆడమ్ జాన్సన్ మెడకు స్కేట్ బ్లేడు తగిలి చనిపోయాడు. ఆ తర్వాత అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య తన పోటీలన్నిట్లో మెడ రక్షణ తప్పనిసరి చేసింది. ఆ వార్త చదివాక నాకు గాలి బాగానే ఆడుతోంది.

ఇక బ్లేడు. దూరం నుంచి కత్తిలా కనిపిస్తుంది గానీ, దాని అడుగున పొడవునా సన్నగా గాడి తీసి ఉంటుంది. గాడికి అటొకటి ఇటొకటి రెండు అంచులు, లోపలి ఎడ్జ్, బయటి ఎడ్జ్. పాదం ఎటు వాలిస్తే ఆ ఎడ్జ్ ఐస్‌ని కరుస్తుంది. హాకీ బ్లేడు ముందూ వెనకా పడవ అడుగులా వంపు తిరిగి ఉంటుంది, ఫిగర్ స్కేట్లకి ఉన్నట్టు ముందు పళ్ళుండవు. అందుకే బరువంతా వేళ్ళ మీద వేస్తే బోర్లా పడతాం, మడమల మీద వేస్తే వెల్లకిలా. రెండూ మొదటి నెలలోనే చూశాను.

ఆగడం గురించి నా ఫిర్యాదు ఒకటుంది. బిగినర్స్ క్లాసుల్లో రెండో వారానికే షాట్ కొట్టించేస్తారు, జనం సరదా పడతారని. ఆగడం రానివాడు షాట్ కొట్టాక ఎటు పోతాడు? గోడలోకి. మొదట నేర్చుకోవలసింది మడమలు బయటికి తోసి, లోపలి ఎడ్జ్‌లతో ఐస్‌ని గీరుతూ ఆగడం. తర్వాత రెండు పాదాలూ ఒక్కసారిగా అడ్డం తిప్పి, మంచు చిమ్మేలా ఆగే హాకీ స్టాప్. అది నాకు ఎడమవైపుకి ఐదో నెలలో వచ్చింది. కుడివైపుకి ఇంకా రాలేదు. అటు గోడే దిక్కు.

బడిలో నేల మీద హాకీ ఆడినవాళ్ళకి స్టిక్ దగ్గర తికమక తప్పదు. ఆ స్టిక్‌కి చదును ఒకవైపే, అందరూ కుడి వాటంగానే ఆడాలి. ఈ స్టిక్‌తో రెండు వైపులా కొట్టొచ్చు. ఎడమ వాటానికి వేరు, కుడి వాటానికి వేరు దొరుకుతాయి. స్టిక్‌ని తిప్పేది పైన ఉన్న చెయ్యి కాబట్టి, కుడిచేతి వాటం వాళ్ళలో చాలామంది కుడిచేతిని పైన పెట్టి ఎడమ వాటం స్టిక్‌తో ఆడతారు. ఇది తెలియక నేను కుడి వాటం స్టిక్ కొని రెండు నెలలు తంటాలు పడ్డాను. పక్‌ని నేను బిళ్ళ అంటాను. అంగుళం మందం, మూడంగుళాల వెడల్పు, 156 నుంచి 170 గ్రాముల బరువున్న గట్టి రబ్బరు బిళ్ళ. పెద్ద మ్యాచ్‌లకి ముందు దాన్ని గడ్డకట్టిస్తారు, ఐస్ మీద ఎగిరెగిరి పడకుండా. కొత్తవాడు దాన్నే చూస్తూ పోయి ఎవరినో గుద్దుకుంటాడు. పెద్దవాళ్ళ బిగినర్స్ లీగుల్లో సాధారణంగా కావాలని గుద్దడానికి వీల్లేదు, అయినా సారీలు చెప్పుకోవడానికే సగం ఆట సరిపోతుంది.

రూళ్ళలో మొదటి సీజన్‌కి ఆఫ్‌సైడ్ ఒక్కటి చాలు. పక్ కంటే ముందు అవతలి జట్టు వైపున్న నీలి గీత దాటకూడదు, అంతే. ఐసింగ్ అనే ఇంకో రూలు గురించి బెంచీ మీద పక్కవాళ్ళని అడగండి, తీరిక ఉంటుంది. కెనడాలో పంజాబీలు 2008 నుంచి ఈ ఆటకి తమ భాషలో కామెంటరీ చెప్పుకుంటున్నారు. తెలుగులో మనం ఇంకా బిళ్ళ అన్న ఒక్క మాట దగ్గరే ఉన్నాం.

బెంచీ మర్యాద గురించి ఎవరూ ముందుగా చెప్పరు. గోలీ కాక ఐదుగురు ఐస్ మీద ఉంటారు, ఆట ఆగకుండానే మనుషులు మారతారు. ఆట బాగా వచ్చినవాళ్ళు ముప్పావు నిమిషంలో బెంచీకి వచ్చేస్తారు. మేం రెండు నిమిషాలు ఉండేవాళ్ళం, పక్ ఇంకా తగల్లేదు కదా అని. ఊపిరాడక నడుం పట్టుకుని నిలబడ్డవాడివల్ల జట్టుకి ఒక మనిషి తక్కువే. ఆ సంగతి వాడికి తప్ప బెంచీ మీద అందరికీ తెలుస్తుంది.

పిల్లల్ని దించి కార్లో ఫోన్ చూసుకుంటూ కూర్చునే అమ్మానాన్నలు మన తెలుగు సంఘంలో చాలామందే ఉన్నారు. నేనూ అదే చేశాను. వచ్చే కమిటీ సమావేశంలో ఒక ప్రతిపాదన పెడుతున్నాను: వారానికి ఒక గంట రింక్ అద్దెకి తీసుకుందాం, పెద్దవాళ్ళ కోసమే. రాత్రి బాగా పొద్దుపోయాక అయితే ఐస్ దొరకడం సులువు, పడ్డా చూసేవాళ్ళుండరు. నా దగ్గర అదనంగా రెండు జతల మోచేతి ప్యాడ్లు, ఒక జత షిన్ ప్యాడ్లు, ఎవరికీ నచ్చని కుడి వాటం స్టిక్ ఉన్నాయి. ముందు అడిగినవాళ్ళకి ఇస్తాను. హెల్మెట్ మాత్రం అడగొద్దు.