కాక్‌పిట్ కౌలు

మా గోదావరి జిల్లాల్లో మనిషిని పనిలో పెట్టుకునే పద్ధతులకి కొదవ లేదు. పాలేరుతనం, కౌలు, మక్తా, కొబ్బరి దింపు కూలి, రోజు కూలి. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన దగ్గర్నుంచి ఇక్కడి పెద్ద రైతులు ఈ విద్యలో ఆరితేరుతూనే ఉన్నారు. ఎంత ఆరితేరినా ఒక్క కిటుకు మాత్రం వాళ్ళ బుర్రకి తట్టలేదు: పనిచేసేవాడి దగ్గరే డబ్బు పుచ్చుకుని పని చేయించుకోవడం. ఆ ఘనత విమానాలవాళ్ళు కొట్టేశారు. ఈ మాట ఒప్పుకోవడం గోదావరివాడిగా నాకు కొంచెం నామోషీగానే ఉంది.

మా పక్కింటి బాబాయి గారి అబ్బాయి పైలట్ అయ్యాడు. అయ్యాడంటే, లైసెన్సు వచ్చింది. 200 గంటలు గాల్లో తిరిగితే గానీ ఆ కాగితం ఇవ్వరు. ఆ గంటల కింద కాలవ పక్క ఎకరం కరిగిపోయింది. కాగితం చేతికొచ్చాక తెలిసింది, దీనితో ఎయిర్‌బస్ 320 లాంటి పెద్ద విమానం ఎక్కనివ్వరని, దానికి టైప్ రేటింగని ఇంకో కాగితం కావాలని, దానికి ఇంకొన్ని లక్షలు పొయ్యాలని.

"అంటే ఏట్రా, ట్రాక్టర్ లైసెన్సు ఉన్నా సరే, ఒక్కో కంపెనీ బండికి ఒక్కో లైసెన్సు తీసుకోమన్నట్టా?" అన్నాడు బాబాయి.

"ఆయ్, ఇంచుమించు అంతేనండి."

కొబ్బరితోట బ్యాంకుకెళ్ళింది.

లైసెన్సు వచ్చిన వారం రావులపాలెం సెంటర్లో 'మా ఊరి ముద్దుబిడ్డకు శుభాకాంక్షలు' అని ఫ్లెక్సీ కట్టారు. నల్ల కళ్ళద్దాలు, టోపీ, వెనకాల ఎవరిదో విమానం. ఆ ఫ్లెక్సీ ఇప్పుడు కళ్ళంలో ధాన్యం మీద పరదాగా ఉంది. మొన్న వానకి రాశి మొత్తం తడవకుండా కాపాడింది. వాడి పైలట్ చదువు మీద ఇంతవరకూ వచ్చిన ఆదాయం అదొక్కటే.

కెప్టెన్లకి నెలకి లక్షల్లో జీతం కదా అంటారు మీరు. నిజమే, సీనియర్లకి వస్తుంది. ఒకడి చెరువులో రొయ్య 30 కౌంటుకి, అంటే కిలోకి 30 తూగేంత లావుగా పడి లాభాలొచ్చాయంటే ఊరంతా వరిచేలు తవ్వేసిన ముచ్చట భీమవరం వైపు ఎవర్నడిగినా చెబుతారు. మేత అమ్మినవాడూ సీడ్, అదే రొయ్యపిల్లల్ని, అమ్మినవాడూ మాత్రం ఏ ఏడూ నష్టపోలేదు. ఫ్లయింగ్ స్కూళ్ళ సంగతి కూడా అంతే అని నేననడం లేదు. మీకు అనిపిస్తే నా పూచీ కాదు.

ఉద్యోగం దొరికిన అదృష్టవంతుల సంగతి చూద్దాం. మొదట ట్రైనీ అంటారు, ఇచ్చేదాన్ని స్టైపెండ్ అంటారు. ఇన్నేళ్ళు మానకూడదని బాండు రాయించుకుంటారు. మా తాతగారి కాలంలో పాలేరుని ఏడాదికి మాట్లాడుకునేవాళ్ళు. జీతం ధాన్యంలో, పైన పంచెల చాపు. పాలేరు బతుకు గొప్పదని నేననను. కానీ నాగలి పట్టడం నేర్పినందుకు మా తాత వాడి దగ్గర ఫీజు పుచ్చుకోలేదు.

నోటీసు విషయంలోనూ మావాళ్ళు వెనకబడ్డారు. 2017లో డీజీసీఏ, అంటే విమానాల మీద పెత్తనం చేసే సర్కారు సంస్థ, పెట్టిన నియమం ప్రకారం మానేయాలంటే కోపైలట్ ఆరు నెలలు, కెప్టెన్ ఏడాది ముందు చెప్పాలి. కంపెనీ మూతపడాలంటే అంత తీరిక అక్కర్లేదు. 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గో ఫస్ట్, ఒకదాని వెనక ఒకటి నేలకి దిగి మళ్ళీ లేవలేదు. బకాయి జీతాల కోసం తిరిగినవాళ్ళలో భుజాన నాలుగు పట్టీలున్న కెప్టెన్లూ ఉన్నారు.

యూరప్ ఇంకా ముందుంది. అక్కడ కొన్నిచోట్ల పైలట్ కంపెనీ ఉద్యోగి కాడు. ఏజెన్సీ మనిషో, తన పేరున తానే పెట్టుకున్న కంపెనీకి యజమానో అవుతాడు. ఎగిరిన గంటకే డబ్బు, ఎగరకపోతే లేదు. 2015లో బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయంవాళ్ళు అధ్యయనం చేస్తే ఆరుగురు పైలట్లలో ఒకరికి పైగా ఇలాంటి లెక్కల్లోనే ఉన్నారట. మన ఆంధ్రలో 2019 చట్టంతో కౌలుదారుకి 11 నెలల సాగు హక్కు కార్డంటూ ఒకటి వచ్చింది. అదీ భూమి యజమాని సంతకం పెడితేనే అనుకోండి. అయినా యజమాని ఎవరో తెలుసు కదా, గట్టు మీదకెళ్ళి తిట్టుకోవచ్చు.

ఇక్కడ ఒక్క నిమిషం నవ్వు ఆపాలి. 2009 ఫిబ్రవరిలో అమెరికాలో బఫెలో దగ్గర కోల్గాన్ ఎయిర్ విమానం కూలి 50 మంది పోయారు. కోపైలట్ 24 ఏళ్ళ అమ్మాయి. ఆమె జీతం ఏడాదికి 16 వేల డాలర్ల చిల్లరని విచారణలో మాట వచ్చింది. డ్యూటీ ఎక్కడానికి ముందు రాత్రంతా దేశానికి ఆ చివర్నుంచి ప్రయాణం చేసి వచ్చిందని కూడా తేలింది. ప్రమాదానికి జీతమే కారణమని ఎవరూ తేల్చలేదు, కెప్టెన్ పొరపాటన్నారు. తర్వాత నియమాలు మార్చారు. విశ్రాంతి వేళలు సవరించి, కోపైలట్‌కి 1,500 గంటలు ఉండాలన్నారు. గంటలకి కనీసం ఇంత అని పెట్టారు గానీ జీతానికి పెట్టలేదు.

మొన్న బాబాయి తోటలో దింపు జరిగింది. పిల్లాడు అరుగు మీద కూర్చుని, మొలకి కత్తీ కాళ్ళకి బందం వేసుకుని పైకి పాకుతున్న మనిషినే చూస్తున్నాడు. దిగాక పలకరించాడు.

"ఈ పని నేర్చుకోడానికి ఎంత కట్టావన్నా?"

అతనికి ప్రశ్న బోధపడలేదు. "కట్టడవేంటి బాబుగారూ? నేర్చుకునేప్పుడు సగం కూలిచ్చేవోరండి."

"మరి వాన పడి చెట్టెక్కలేకపోతే?"

"ఆ రోజు కూలి ఉండదండి."

"అదొక్కటీ మాలాగే," అన్నాడు మావాడు, కాస్త ఉత్సాహంగా.

బాబాయి చెట్లు లెక్కపెట్టి అక్కడికక్కడే నోట్లు చేతిలో పెట్టాడు. దింపు మనిషి నాలుగు కొబ్బరికాయలు కండువాలో మూటగట్టుకుని, ఒక బోండాం చెక్కి పిల్లాడి చేతికిచ్చి వెళ్ళాడు.