ఆఖరి మనిషికి ఒక ప్లేటు ఉప్మా

డిసెంబరు సేవా కార్యక్రమాల్లో మన సంఘం నల్లగొండలో పెట్టిన సైకిల్ రైడ్ ఫొటోలు వాట్సాప్ గ్రూపులో మీరంతా చూసే ఉంటారు. వాటిలో నేను లేను. గ్రూప్ ఫొటో తీసే వేళకు నేనింకా నకిరేకల్ రోడ్డు మీదే ఉన్నాను.

జులై వస్తే ఫ్రాన్స్‌లో జరిగే పెద్ద సైకిల్ రేసు, టూర్ డి ఫ్రాన్స్, వదలకుండా చూసే మనిషిని. ఎక్కడ వేగం పెంచాలో సోఫాలోంచి స్లొవేనియా ఛాంపియన్ పొగచార్‌కు నేనే చెబుతుంటాను. 2025లో 21 స్టేజీలు, 3,300 కిలోమీటర్ల పైచిలుకు తొక్కి గెలిచినప్పుడు అతని సగటు వేగం గంటకు 42 కిలోమీటర్లు దాటింది. మన రైడ్ రోజు నాది 13. వాళ్ల సైకిల్ బరువు 6.8 కిలోలకు తగ్గకూడదట. నా పొట్ట ఒక్కటే ఆ నిబంధనను రెండుసార్లు నెగ్గుతుంది.

క్లాక్‌టవర్ దగ్గర ఆరింటికి బిగుతు నిక్కరు, నల్ల కళ్లద్దాలతో బయల్దేరాను. పోయేటప్పుడు బాగానే ఉంది. తిరుగుదారిలో ఎదురుగాలి. వెనక నుంచి కిర్రుకిర్రుమని చప్పుడు. పాత సైకిల్, రెండు పక్కలా పాల క్యాన్లు, లుంగీ ఎగ్గట్టిన ముసలాయన. నా పక్కకొచ్చి తొక్కడం ఆపి, "ఏమైంది బిడ్డా, గాలి పోయిందా?" అన్నాడు.

"లేదు తాతా, మంచిగనే ఉంది."

సైకిల్‌నూ నన్నూ కిందికీ మీదికీ చూశాడు. "మరి గింత మెల్లగ పోతున్నవేంది?"

పాలకు ఆలస్యమవుతోందని ముందుకు సాగాడు. ఎదురుగాలి తగలకుండా రేసర్లు చేసినట్టే ఆయన వెనక చక్రానికి అంటుకుని పోదామని చూశాను. క్యాన్ల వెడల్పుకు గాలి నిజంగానే ఆగింది! రెండు ఫర్లాంగులు కూడా నిలవలేకపోయాను.

రైడ్ ముగిసే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం చేరేసరికి తొమ్మిదీ పావు. గాలి నింపి నిలబెట్టిన ముగింపు ఆర్చిలోంచి గాలి తీసి మడత పెడుతున్నారు. ఉప్మా గిన్నె కడిగేశారు. గర్భగుడిలో పొద్దంతా కదలని ఆ స్తంభం నీడ ఒక్కటే నా కోసం ఆగింది. సాయంత్రం సభలో మైకు పట్టుకున్నాయన, "ఒకాయన ఇంకా వస్తూనే ఉన్నాడట" అన్నారు. అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా.

నిర్వాహకుల ఇబ్బందీ ఉంది. పోలీసు అనుమతి తొమ్మిది వరకే, ముఖ్య అతిథి వేరే ఊరు పోవాలి. మన ఊరి మనుషులైతే ఆఖరి మనిషి కోసం ఆగేవాళ్లని రాయబోయాను గానీ, మన పెళ్లిళ్లలో ఆఖరి బంతికి ముక్కలెన్ని పడతాయో నాకు తెలుసు. షేర్వా పడితే అదృష్టం.

అయినా మనసు ఒప్పుకోవడం లేదు. టూర్‌లో చివరివాణ్ని ఎర్ర లాంతరు అంటారు, రైలు ఆఖరి పెట్టెకుండే దీపం పేరు మీద. బెల్జియం రైడర్ విమ్ వాన్‌సెవెనాంట్ 2006, 2007, 2008లో వరుసగా ఆ పేరు తెచ్చుకున్నాడు. అతని పని తమ జట్టు నాయకుడికి నీళ్ల సీసాలు మోయడం. మన సభల్లో కుర్చీలు సర్దేవాళ్లు అలాంటివాళ్లే, ఏ ఫొటోలోనూ దొరకరు. అక్కడ చివరి సైకిల్ వెనక చీపురు బండి అని ఒకటి వస్తుంది, ఇక తొక్కలేనివాణ్ని ఎక్కించుకోవడానికి.

కమిటీ అన్నలూ, వదినలూ, వచ్చే డిసెంబరులో అలాంటి బండి ఒకటి పెట్టండి. ఆఖరి మనిషి దిగేదాకా ఆర్చి ఉంచండి, హాట్‌బాక్సులో ఒక ప్లేటు ఉప్మా దాచండి. బండి నడపడానికి నా పేరు రాసుకోండి. సైకిల్ ఈసారి మా బామ్మర్ది తొక్కుతాడు, అతనికింకా చెప్పలేదు.