చలి వేస్తోందట, కాబట్టి భూతాపం అబద్ధమట!

ఈ ఉదయం ఆరున్నరకు పాల ప్యాకెట్ల కోసం కిందికి దిగాను. మంకీ టోపీ, దాని మీద మఫ్లరు, చేతులు రెండూ చంకల్లో దోపుకుని నిలబడ్డ మా పక్కింటి పెద్దాయన నన్ను చూడగానే, "ఏమ్మా, ఎక్కడ దాక్కుంది మీ గ్లోబల్ వార్మింగు? కాస్త ఇటు పంపిస్తే చలి కాచుకుంటాం కదా!" అన్నారు. అక్కడున్న నలుగురూ పగలబడి నవ్వారు. భూతాపాన్ని నేనేదో పుట్టింటి నుంచి సారెలో పెట్టుకుని తెచ్చినట్లు ఆ "మీ" ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఏటా డిసెంబరు వచ్చిందంటే ఇదే తంతు. లంబసింగిలో గడ్డి మీద పేరుకున్న మంచు ఫొటో ఒకటి మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో పడుతుంది, దాని కింద ఎవరో ఒకరు "శాస్త్రవేత్తలకు అంకితం" అని రాస్తారు, మిగిలినవారు చప్పట్లు కొడతారు. ఆకాశంలో మబ్బు లేకుండా, ఉత్తరాది నుంచి పొడిగాలి వీస్తున్న రాత్రుల్లో నేల పగలంతా తాగిన వేడిని పైకి వదిలేస్తుందనీ, అందుకే తెల్లవారుజామున ఆదిలాబాదు వణుకుతుందనీ చెబితే వినేవారెవరు? వాతావరణం మారిందా లేదా అన్నది ముప్ఫై ఏళ్ల సగటుతో తేల్చే లెక్క. మంకీ టోపీతో తేలేది కాదు. ఏకాదశినాడు ఒక పూట పస్తున్నంత మాత్రాన ఏడాదంతా పెరిగిన పొట్ట కరిగిపోతుందా? 1901 నుంచి లెక్కలు చూస్తే మన దేశంలో అన్నిటికన్నా వేడి సంవత్సరం 2024. ఆ సంవత్సరంలోనూ చలికాలం వచ్చింది, స్వెట్టర్లూ అమ్ముడుపోయాయి.

ఈ తెలివి మన వీధికే పరిమితం కాదు లెండి. 2015 ఫిబ్రవరి 26న అమెరికా సెనేట్‌లోకి జేమ్స్ ఇన్‌హోఫ్ అనే సెనేటరు ఒక మంచుముద్దను పట్టుకొచ్చి, బయట ఎంత చలిగా ఉందో చూడండంటూ సభలోనే విసిరారు. అప్పుడు పర్యావరణ కమిటీకి అధ్యక్షుడు కూడా ఆయనే! సరిగ్గా మూడు నెలలకు, మేలో, మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే వడగాడ్పులకు రెండు వేల మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఎండలో పని మానుకోలేని కూలీలూ, వృద్ధులూ. ఆ వేసవిలో మా పెద్దాయన ఏమన్నారో నాకు బాగా గుర్తుంది: "ఎండలు మనకు కొత్తా అమ్మా? నేను రెంటచింతలలో పుట్టినవాణ్ణి." అంటే చలి వేస్తే భూతాపం అబద్ధం, ఎండ మండితే అది మామూలే. ఎటు తిప్పినా గెలుపు ఆయనదే.

నిజానికి నా కోపం ఈ ఉదయానిది మాత్రమే కాదు. ఆకులు కారు మీద రాలుతున్నాయని, నాలుగేళ్ల క్రితం ఆయన తన గేటు పక్కనున్న వేపచెట్టును మొదలంటా కొట్టించారు. ఆ నీడలో ఇస్త్రీ బండి పెట్టుకునే అతను ఇప్పుడు పాత ఫ్లెక్సీని నాలుగు కర్రలకు కట్టుకుని, నడివేసవిలో దాని కింద బొగ్గుల పెట్టెతో నిలబడి చొక్కాలు రుద్దుతున్నాడు, అందులో ఆయనవీ ఉంటాయి. పెద్దాయన కారు మాత్రం మా గేటు ముందున్న కానుగచెట్టు కిందికి చేరింది. నిరుడు ఏప్రిల్‌లో ఉండబట్టలేక, కారు ఇక్కడ పెట్టారేమిటని అడిగాను.

"ఎండకు డాష్‌బోర్డు పగిలిపోతోందమ్మా, ఈ మధ్య ఎండలు మరీ ఎక్కువయ్యాయి" అన్నారు.