మధ్య దశలు లేవన్నవారికి

"పరిణామం నిజమైతే మధ్య దశల శిలాజాలు ఏవండీ?" అని కొందరు అడుగుతుంటారు. సీ అర్చిన్ల (సముద్రం అడుగున బతికే, గట్టి పెంకు మీద ముళ్ళుండే జీవులు) శిలాజాలు చూశాక కూడా ఈ ప్రశ్నా!

దక్షిణ ఇంగ్లండ్ సుద్దరాతి కొండల్లో మైక్రాస్టర్ అనే గుండె ఆకారపు సీ అర్చిన్లు బోలెడు దొరుకుతాయి. ఆర్థర్ రో అనే డాక్టరు వాటిని ఏ పొరవి ఆ పొరకే విడిగా ఏరి, పళ్ళ డాక్టర్ల డ్రిల్లుతో సుద్ద తొలిచి శుభ్రం చేసి, 1899లో ఆ వివరాలు అచ్చేశాడు. (వృత్తి వైద్యం, పిచ్చి మాత్రం రాళ్ళ మీద!) కింది పొరల నుంచి పైకి, అంటే పాతవాటి నుంచి కొత్తవాటికి, వచ్చేకొద్దీ నోరు ముందు అంచు వైపు జరుగుతుంది. దాని దగ్గర పెదవిలాంటిది పొడుచుకొస్తుంది. వీపు మీద పూరేకుల్లా కనిపించే ఐదు పట్టీల్లో గరుకు పెరుగుతుంది. అన్నీ కొంచెం కొంచెంగానే. ఎక్కడ గీత గీసి జాతి మారిందనాలో మీరే చెప్పండి. మట్టిలో ఇంకా లోతుగా పూడుకుని బతకడానికే ఈ మార్పులని ఒక వివరణ. దాని మీద వాదనలున్నాయి, నిజమే. కానీ ఆ గొడవ "ఎందుకు మారింది" అన్నదాని మీద.

అన్నట్టు, గుండ్రటి సీ అర్చిన్లకి మలద్వారం నడినెత్తిన ఉంటుంది. జురాసిక్ కాలంలో ఒక శాఖలో అది వెనక్కి దిగుతూ వచ్చింది. సగం దిగినవీ దొరికాయి.