బౌద్ధం నిజంగా రాజులు లేకుండా, యుద్ధాలు లేకుండానే వ్యాపించిందా?

బుద్ధ పూర్ణిమ నాడు మా ఫ్యామిలీ గ్రూపులో బాబాయి ఒక ఫార్వర్డ్ పంపారు. సాయంత్రానికి అదే మెసేజ్ ఇంకో మూడు గ్రూపుల్లో కనిపించింది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: ప్రపంచంలో రాజుల సాయం లేకుండా, చుక్క నెత్తురు చిందకుండా, పైసా ఖర్చు లేకుండా వ్యాపించిన మతం బౌద్ధం ఒక్కటే, క్రైస్తవం, ఇస్లాం కత్తితోనే వ్యాపించాయి, అంత గొప్ప బౌద్ధాన్ని శంకరాచార్యులు వచ్చి దేశం నుంచి తరిమేశారు. బుద్ధుడంటే నాకు చాలా ఇష్టం, అందుకే దీన్ని చూసీ చూడనట్టు వదిలేయలేకపోతున్నాను. ఇందులో ఒక్క ముక్క కూడా చరిత్ర ముందు నిలబడదు.

"రాజుల సాయం లేకుండా" అన్న మాటతోనే మొదలుపెడదాం. గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఎర్రగుడి దగ్గర బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. కళింగ యుద్ధంలో లక్ష మంది చనిపోయారని, లక్షా యాభై వేల మందిని చెరపట్టి తీసుకెళ్లారని అశోకుడు తనంతట తానే చెప్పుకున్న పదమూడో శాసనం కూడా వాటిలో ఉంది. ఆ తర్వాత తన ధర్మం ఎక్కడెక్కడికి చేరిందో అందులోనే చెబుతూ గ్రీకు రాజుల పేర్లు, మన ఆంధ్రుల పేరు కూడా రాయించాడు. ఒక చక్రవర్తి దూతల్ని పంపి, బండలు చెక్కించి, ధర్మ మహామాత్రులని ప్రత్యేకంగా అధికారుల్ని పెట్టి చేసిన పనికి రాజు సాయం లేదంటే ఎలా? శ్రీలంకలో దేవానాంపియ తిస్స, టిబెట్‌లో త్రిసోంగ్ దెత్సెన్, మంగోలియాలో అల్తాన్ ఖాన్, ఇలా బౌద్ధం వేళ్లూనుకున్న ప్రతిచోటా ఒక రాజు కనిపిస్తాడు. జపాన్‌కైతే బుద్ధ విగ్రహాన్ని 6వ శతాబ్దంలో కొరియాలోని బెక్జే రాజు నేరుగా అక్కడి రాజుకే కానుకగా పంపాడు.

ఇక "చుక్క నెత్తురు చిందకుండా". ఇక్కడ కుమారజీవుడి కథ చెప్పాలి, ఎందుకంటే ఆయన సంగతి మనవాళ్లలో చాలా తక్కువ మందికి తెలుసు. తండ్రి భారతీయుడు, తల్లి మధ్య ఆసియాలోని కూచా రాజకుమారి. ఆయన పాండిత్యం గురించి చైనా దాకా తెలిసింది. 384లో చైనా నుంచి లూ గ్వాంగ్ అనే సేనాపతి సైన్యంతో వచ్చి కూచాను గెలిచి, ఆ భిక్షువును బందీగా పట్టుకుపోయాడు. బ్రహ్మచర్య దీక్షలో ఉన్నవాడికి తాగించి బలవంతంగా పెళ్లి చేశాడని చైనా జీవిత చరిత్రలు చెబుతున్నాయి. పదిహేడేళ్లు వాయువ్య చైనాలోని లియాంగ్‌జౌలో అలాగే ఉండిపోయాడు. 401లో ఇంకో రాజు ఇంకో సైన్యాన్ని పంపి ఆ ఊరిని లొంగదీసుకుంటే గానీ ఆయన రాజధాని చాంగాన్ చేరలేదు. అక్కడ రాజు పోషణలో, పెద్ద పండిత బృందాన్ని పక్కన పెట్టుకుని చేసిన అనువాదాల్నే తూర్పు ఆసియా బౌద్ధులు ఇవాళ్టికీ పారాయణ చేస్తున్నారు. రెండు యుద్ధాలు, ఒక ఖైదు, బలవంతపు పెళ్లి దాటుకుని వచ్చిన గ్రంథాలవి. చుక్క నెత్తురు లేదంటే ఆ మనిషి పడ్డ బాధ లెక్కలోకే రాకుండా పోతుంది.

జపాన్‌లో కొత్త మతాన్ని సమర్థించిన సోగా వంశానికి, వ్యతిరేకించిన మొనొనోబే వంశానికి 587లో యుద్ధమే జరిగింది, సోగాలు గెలిచాకే భిక్షువులుండే పెద్ద ఆరామాలు లేచాయి. శ్రీలంకలో దుట్ఠగామణి రాజు ఈటెలో బుద్ధుడి ధాతువు (భౌతిక అవశేషం) పెట్టుకుని యుద్ధానికి వెళ్లాడని, తర్వాత ఇంతమందిని చంపానే అని కుమిలిపోతే భిక్షువులు ఓదార్చారని భిక్షువులే రాసిన మహావంశం అనే శ్రీలంక చరిత్ర గ్రంథంలో ఉంది. దీన్నిబట్టి బౌద్ధం హింసా మతం అని నేను అనడం లేదు. మనుషులు నడిపిన ఏ మతానికైనా మనుషుల చరిత్రే ఉంటుంది, అంతే.

"పైసా ఖర్చు లేకుండా" అన్న మాట నిజానికి నాకు ఎక్కువ బాధ కలిగించింది, ఎందుకంటే ఆ ఖర్చు పెట్టుకున్నవాళ్లలో చాలామంది మనవాళ్లే. విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో తొట్లకొండ ఎక్కితే ఎదురుగా సముద్రం కనిపిస్తుంది. ఆ ఆరామం తవ్వకాల్లో శాతవాహన నాణేలతో పాటు రోమన్ నాణేలు కూడా దొరికాయి. ఓడల వ్యాపారం నడిచే దారుల పక్కనే ఆరామాలు కట్టారు, వర్తకులు దానమిచ్చారు, భిక్షువులు ఆ బిడారులతోటే, ఆ ఓడల్లోనే దేశాలు దాటారు. అమరావతి స్తూపానికి దానమిచ్చినవాళ్ల శాసనాల్లో విధికుడు అనే చర్మకారుడిది ఒకటుంది. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లు అందరితో కలిసి పూర్ణఘటం చెక్కిన ఒక రాతి పలకను ఇచ్చానని రాయించుకున్నాడు. తోలుపని చేసుకునే కుటుంబం రెండు వేల ఏళ్ల కింద కూడబెట్టిన డబ్బు అది. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం చేస్తే, ఆయన చెల్లెలు శాంతిశ్రీ మహాచైత్యానికి, అంటే అక్కడి పెద్ద స్తూపానికి దానాలిచ్చింది. అదే కొండ మీద బోధిశ్రీ అనే ఉపాసిక (ఇంట్లో ఉంటూనే బుద్ధుణ్ణి కొలిచే స్త్రీ) రాయించిన శాసనంలో సింహళ విహారం పేరుంది, కాశ్మీరం, గాంధారం, చీనా దాకా ధర్మాన్ని తీసుకెళ్లిన సింహళ భిక్షువుల ప్రస్తావన ఉంది. ఖర్చే లేదన్నామంటే విధికుణ్ణీ బోధిశ్రీనీ మర్చిపోయినట్టే.

"క్రైస్తవం, ఇస్లాం కత్తితోనే". కత్తి లేదని ఎవరూ అనరు. యూరప్‌లో షార్లమేన్ చక్రవర్తి సాక్సన్ జాతివాళ్లకు బలవంతంగా జ్ఞానస్నానం ఇప్పించాడు. అరబ్బు సైన్యాలు ప్రవక్త పోయిన నూరేళ్లలోపే స్పెయిన్ నుంచి సింధ్ దాకా వెళ్లాయి. కానీ క్రైస్తవం మొదటి మూడు వందల ఏళ్లు రోమన్ రాజ్యం చేతిలో దెబ్బలు తింటూనే పెరిగింది, రోమన్ చక్రవర్తి దానికి స్వేచ్ఛనిచ్చిన 313కి ముందు దానికి కత్తి పట్టే చెయ్యే లేదు. కేరళలో సిరియన్ క్రైస్తవులు పోర్చుగీసు ఓడలు రావడానికి వెయ్యేళ్ల ముందు నుంచే ఉన్నారు. ఈజిప్టును అరబ్బులు 642కల్లా గెలిచినా, అక్కడి జనంలో ఎక్కువమంది ఆ తర్వాత కూడా చాలాకాలం క్రైస్తవులుగానే ఉన్నారు. రాజ్యం మారినంత తొందరగా మతం మారదు. ఇవాళ ప్రపంచంలో ఎక్కువమంది ముస్లింలున్న ఇండోనేషియాను ఏ అరబ్బు సైన్యమూ గెలవలేదు. అక్కడికి ఇస్లాం ముందుగా వర్తకులతో, సూఫీలతో చేరింది, స్థానిక సుల్తానుల యుద్ధాలు ఆ తర్వాతి సంగతి. అంటే మన తొట్లకొండ భిక్షువులు ఎక్కిన సముద్రపు దారే.

చివరిది శంకరాచార్యుల సంగతి. చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ 640 ప్రాంతంలో మన ధాన్యకటకం (ఇవాళ్టి అమరావతి ప్రాంతం) వచ్చాడు. ఆరామాలు చాలానే ఉన్నా ఎక్కువ భాగం పాడుబడ్డాయని, ఇరవై దాకా మాత్రమే నడుస్తున్నాయని, వెయ్యి మంది భిక్షువులున్నారని రాశాడు. శంకరులు 8వ శతాబ్దం వారని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. అంటే ఆయన పుట్టకముందే ఇక్కడ ఆరామాలు ఖాళీ అవుతున్నాయి. నా ఉద్దేశంలో అసలు కారణం బౌద్ధం అంతా భిక్షువుల సంఘం మీదే ఆధారపడి ఉండటం. పెళ్లికీ పురుటికీ గృహస్థు వేరే పురోహితుణ్ణే పిలుచుకునేవాడు, పాత దేవుళ్లను వదలమని బౌద్ధం అడగలేదు. దేశదేశాల్లో తేలిగ్గా కలిసిపోవడానికి అదే బలమైంది. ఇక్కడ వర్తకం తగ్గి, రాజుల దానాలు గుళ్ల వైపు మళ్లి, ఆరామం మూతపడ్డాక గృహస్థు ఇంట్లో ఆ మతాన్ని నిలబెట్టేది పెద్దగా మిగల్లేదు. 1200 ప్రాంతంలో తురుష్క దాడులు బీహార్‌లోని మహావిహారాల్ని దెబ్బతీశాయి. అయినా 1230లలో టిబెట్ నుంచి వచ్చిన ధర్మస్వామి అనే భిక్షువు నలందలో తొంభై ఏళ్ల గురువు ఒకాయన డెబ్భై మంది శిష్యులకు పాఠం చెబుతుండగా చూశాడు.

మన దగ్గరా అంతే, దీపం ఒక్కసారిగా ఆరిపోలేదు. అమరావతి అమరేశ్వరాలయంలో, శివుడి గుళ్లోనే, 1182 నాటి స్తంభ శాసనం ఉంది. కోట వంశపు కేతరాజు అక్కడి బుద్ధుడి చైత్యం ఎంత ఎత్తుగా ఉందో చెప్పి, బుద్ధుడికి అఖండ దీపాలు పెట్టించిన సంగతి రాయించాడు. శంకరుల తర్వాత దాదాపు నాలుగు వందల ఏళ్లకి. ఈసారి అమరావతి వెళ్తే స్తూపం, మ్యూజియం చూసి వెనక్కి వచ్చేయకండి, గుళ్లోకి వెళ్లి ఆ స్తంభం ఎక్కడుందో అడిగి చూడండి. బాబాయికి కూడా అదే చెప్పాను.