ఆరుబయట పడుకోవడానికి రెండున్నర వేలు

ఎండాకాలం రాత్రి ఆరుబయట ఎలా పడుకోవాలో నాకు ఇన్నేళ్లుగా తెలియదన్న సంగతి మొన్ననే తెలిసింది. మా మేనల్లుడు ఫోన్‌లో పంపిన కరపత్రం నా కళ్లు తెరిపించింది. సాగర్ రోడ్డు మీద ఒక ఫాంహౌస్. పేరు రాయను. రాస్తే వాళ్లకు ఉచిత ప్రచారం, వాళ్లు మాత్రం ఎవరికీ ఏదీ ఉచితంగా ఇవ్వరు. తలకు రూ. 2,499, జీఎస్టీ అదనం. ఆ డబ్బుకు ఒక నులక మంచం, ఒక మెత్త, ఒక ఆకాశం. మర్నాడు పొద్దున బొంత కుట్టడంలో శిక్షణ. ఆకాశం పక్కన చిన్న చుక్క గుర్తు పెట్టి, అట్టడుగున సన్న అక్షరాల్లో ‘వాతావరణాన్ని బట్టి’ అని రాశారు. నిజాయితీపరులు.

"మామా, నలుగురికి బుక్ చేసిన. నువ్వేం టెన్షన్ పడకు, అన్నీ వాళ్లే చూసుకుంటరు" అన్నాడు అల్లుడు. నిద్ర మాత్రం మనమే పోవాలట.

మాది నల్లగొండ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల సంగతేమో గానీ మా డాబా మీద సాయంత్రం ఆరింటికి కూడా చెప్పుల్లేకుండా నిలబడితే అరికాళ్లు బొబ్బలెక్కేవి. పిల్లలమంతా బకెట్లతో నీళ్లు మోసేవాళ్లం. మొదటి బకెట్ పోయగానే స్లాబు సుయ్యిమని ఆవిరి వదిలేది. తుడిచినట్టు నిమిషంలో ఆరిపోయేది. రెండోది కాసేపు నిలిచేది. మూడోదానికి గానీ స్లాబు చల్లబడేది కాదు. ఆ తడి సిమెంటు వాసన వచ్చిందంటే చాపలు పరవొచ్చని లెక్క. బోరు నీళ్లలో ఫ్లోరైడు, తాగితే ఎముకలు వంకర పోతాయి. డాబా మీద పోయడానికి మాత్రం బ్రహ్మాండంగా పనికొచ్చేవి.

తర్వాత బొంతలు, రంజన్లోంచి ముంచి తెచ్చిన చెంబుడు నీళ్లు, పక్క డాబా మీది దోస్తులు. పిట్టగోడకు అటు నలుగురు, ఇటు ముగ్గురు. అర్ధరాత్రి దాకా అబద్ధాలు చెప్పుకునేవాళ్లం. కరెంటు పోతే పైకెక్కేవాళ్లం, వచ్చినా దిగేవాళ్లం కాదు. మూడింటికి వాన పడితే ఎవరి పక్క వాళ్లు చుట్టుకుని ఒకేసారి మెట్ల మీద పడేవాళ్లం. కిందికొచ్చి లెక్క చూసుకుంటే ఒక పిల్లగాడు తక్కువయ్యేవాడు. వాడు పైన వానలోనే నిద్రపోతుండేవాడు.

ఇదంతా అనాగరికం. ఎక్కడా ఒక ఫారం లేదు, చేతికి పట్టీ లేదు.

ఫాంహౌస్ గేటు దగ్గర రెండూ ఉన్నాయి. పాము కరిచినా, తేలు కుట్టినా, మామిడికాయ నెత్తిన పడినా యాజమాన్యానికి బాధ్యత లేదని సంతకం పెట్టించుకున్నారు. భుజాన గొంగడి వేసుకున్న కుర్రవాడు చిన్న గాజు గ్లాసులో అంబలి ఇచ్చాడు, పైన పుదీనా ఆకు. మే నెలాఖరులో గొంగడి. పాపం, వాడి చెమటలు చూసి నా గ్లాసు వాడికే ఇద్దామనిపించింది. లోపల పన్నెండు మంచాలు, ఆసుపత్రి వార్డులోలాగా వరసగా, కోళ్లకు నంబర్లు. నాది ఏడు. నులక ఎంత వదులుగా ఉందంటే పడుకోగానే మోకాళ్లు గడ్డానికి తగిలాయి.

ఏడింటికే దోమల పొగ పెట్టారు. దోమలతోపాటు కీచురాళ్లు కూడా నోరు మూసుకున్నాయి. పల్లె రాత్రికి కీచురాళ్లు లేకపోతే ఎట్లా? తొమ్మిదిన్నరకు చెట్టుకు కట్టిన స్పీకర్లోంచి మొదలయ్యాయి. బాగానే అరిచాయి, కాస్త ప్రతిధ్వనితో. ఆ వాతావరణంలో చుక్కలు చూపించే కార్యక్రమం. నాలుగు మూలలా నాలుగు ఫ్లడ్ లైట్లు, భద్రత కోసమట. వాటి వెలుతురులో గైడు లేజర్ పట్టుకుని "అదిగో సప్తర్షి మండలం" అన్నాడు. ఏడుగురు రుషుల్లో ఒక్కరూ కనిపించలేదు. ఎర్రగా ఒకటి మెరుస్తుంటే ఒకావిడ "అంగారకుడా?" అని అడిగింది. "కాదు మేడం, సెల్ టవర్."

సరిగ్గా అప్పుడే కీచురాళ్లు ఠక్కున ఆగిపోయాయి. చెట్టులోంచి సినిమా పాట రింగ్‌టోను. ఆ వెనకే ఒక గొంతు, తోటంతా మారుమోగేలా: "ఆ అన్నా! చికెన్ వచ్చింది. లే, లెగ్‌పీసులు తక్కువున్నయ్. గా ఐసు కూడ పంపు." కాసేపు మౌనం. మళ్లీ కీచురాళ్లు, ఆపిన చోటినుంచే. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ రాత్రి మొత్తంలో నిజమైన మనిషి గొంతు వినిపించింది అదొక్కసారే.

ఎందుకంటే పదిన్నర నుంచి ‘నిశ్శబ్ద వేళ’. మాట్లాడకూడదు. ఆరుబయట పడుకునేదే మాట్లాడుకోవడానికి అన్న సంగతి వాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు. నేను అల్లుడితో గుసగుసగా ఏదో అన్నాను, వాచ్‌మన్ విజిల్ ఊదాడు. రెండింటికి నాలుగు చినుకులు పడ్డాయి. ఏసీ గదిలోకి మారాలంటే తలకు రూ. 1,500. వాడని ఆకాశానికి డబ్బు వాపసు లేదు.

పొద్దున బొంతల క్లాసు. తలా ఒక కిట్టు ఇచ్చారు. అందులో కొత్త గుడ్డ ముక్కలు, పాతగా కనిపించాలని రంగు వెలిసేలా ఉతికినవి. మనిషి పదేళ్లు కట్టి, పొలానికి పోయి, పొయ్యి ముందు కూర్చుని వెలిసిపోగొట్టే చీరను వీళ్లు మిషన్లో గంటలో వెలిసిపోగొట్టారు. నేర్పే అమ్మాయి సిటీ నుంచి వచ్చింది, నాలుగుసార్లు వేలికి పొడుచుకుంది.

అసలు కుట్టే మనిషి మూలన కూర్చుంది. ఒక అవ్వ. పక్కన ‘ఫొటోలు తీసుకోవచ్చు’ అని బోర్డు. వేలికి గుడ్డపేలిక చుట్టుకుని, నాలుగు చీరల మందాన్ని మడమతో తొక్కిపట్టి, అంచునుంచి లోపలికి వరస మీద వరస కుట్టుకుంటూ పోతోంది. కుట్టు వంకర పోదు, ఆమె చూడనైనా చూడదు. ఎండాకాలం చివర పొలం పనులుండవు కాబట్టి బొంతలు ఇప్పుడే కుడతారు. మిరుగం, అంటే మృగశిర కార్తె వస్తే విత్తనాల పని, సూది పట్టే తీరిక ఉండదు. పక్కన కొయ్యకు ఆమె కుట్టిన బొంత వేలాడుతోంది. చీటీ మీద రూ. 6,800.

"ఏమిస్తరవ్వా నీకు?"

"దినాం నాలుగొందలు."

"రాత్రి ఈడనే పండుకుంటవా?"

నవ్వింది. "బొంబైల పన్నెండేండ్లు ఆకాశం కిందనే పండుకున్నం కొడుకా. ఎవ్వడు పైసలు అడగలే. పోలీసోడు లాఠీతోని లేపుతుండె, గంతే."

సిగ్గుండాలి. పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి కూలికి బొంబాయి బస్సెక్కిన వాళ్లు ఈ బొంతలే చుట్టుకుని పోయారు. రోడ్డు పక్కన పరిచిందీ ఇవే, చలికి కప్పుకున్నదీ ఇవే. ఈ రోడ్డు చివర నాగార్జునసాగర్ డ్యాం ఉంది. 1955 డిసెంబర్ 10న పునాదిరాయి వేశారు, సిమెంటు దిమ్మ కాదు, రాతి కట్టడం. ఆ రాళ్లు నెత్తిన మోసిన వాళ్లు రాత్రుళ్లు ఎక్కడ పడుకున్నారనుకుంటున్నారు, ఏడో నంబరు మంచం మీదా? వ్యవసాయానికి ఇరవైనాలుగు గంటల కరెంటు వచ్చేదాకా మా జిల్లా రైతు ఆరుబయట రాత్రులు బోరు మోటరు దగ్గరే గడిపాడు. కరెంటు ఒంటిగంటకిస్తారో మూడింటికిస్తారో తెలియక, చేతిలో టార్చిలైటు పెట్టుకుని, దోస్తును తోడు తెచ్చుకుని. కొందరిని పాము కరిచింది, కొందరిని ఆ మోటరే కొట్టింది. దానికి ప్యాకేజీ కట్టండి. స్పీకర్లో కప్పల అరుపులు పెట్టండి. పుదీనా ఆకు కూడా వేయండి, దానికేం!

వచ్చేటప్పుడు మా అమ్మ పాత చీరలు పంపిస్తానని, కుట్టిపెట్టమని అవ్వనడిగాను. "ఆరు వందలియ్యి, మిరుగం లోపట ఇస్త" అంది. అల్లుడితో నాలుగు చీరలు పంపాను. వాడు ముఖం వేలాడేసుకుని తిరిగొచ్చాడు. బయటివాళ్లకు కుట్టకూడదని ఫాంహౌస్ వాళ్లు అవ్వతో వేలిముద్ర వేయించుకున్నారట.

"మరి చీరలేవిరా?"

"తీసుకుంది మామా. ఇంటికాడ రాత్రి కుడ్తదంట. లోపట మందం సాలదు, ఇంకోటి ఉంటే పంపుమన్నది."