తెలుపు చూస్తారు సరే, సోల్ ఎవరు చూస్తారు?

మొన్న రౌండ్స్‌కి ముందు ఇన్‌ఛార్జ్ సిస్టర్ నన్ను ఆపి నా కాళ్ల వైపు చూశారు. "ఏంటమ్మా ఆ గీత?" అన్నారు. నా తెల్ల షూ పక్కన అగ్గిపుల్లంత నీలం గీత ఉంది. కొన్నప్పుడు నేను గమనించనేలేదు. రూలు ప్రకారం పూర్తి తెలుపే ఉండాలట. సరే అని గీత మీద తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించుకుని డ్యూటీ చేశాను.

అదే వారం, అదే వార్డులో మా జూనియర్ ఒకమ్మాయి అప్పుడే తుడిచిన తడి నేల మీద జారి పడింది. మోచెయ్యి వాచింది. చేతిలో ట్రే ఉంది, అదృష్టం కొద్దీ అందులో సూదులు లేవు. ఆమె షూస్ రూలు ప్రకారం తెల్లగా మెరిసిపోతున్నాయి. తిప్పి చూస్తే సోల్ అరిగి గాజు పలకలా నున్నగా ఉంది. ఆ సోల్ గురించి ఆమెను అంతకుముందు ఎవరూ ఒక్క మాట అడగలేదు. పడ్డాక అందరూ అడిగింది మాత్రం, "చూసుకుని నడవొద్దా?" అని.

నా కోపమంతా ఇక్కడే.

డ్రెస్ కోడ్ వద్దనే మనిషిని కాను. 14 ఏళ్లుగా ఈ ఉద్యోగం చేస్తున్నాను, అది ఎందుకుండాలో నాకూ తెలుసు. కానీ నేను పనిచేసిన ప్రతిచోటా ఆ కాగితంలో షూస్ గురించి ఉన్నది ఒకటే లైను: తెలుపు, ముందు మూసి ఉండాలి, చప్పుడు రాకూడదు. జారకూడదని లేదు. 12 గంటలు నిలబడే మనిషి పాదానికి ఏం కావాలో లేదు. చూసేవాళ్ల కంటికి ఎలా కనపడాలో రాశారు గానీ, వేసుకునేవాళ్ల కాలి సంగతి మర్చిపోయారు.

చప్పుడు విషయం ఒప్పుకుంటాను. ఫ్లోరెన్స్ నైటింగేల్ 160 ఏళ్ల కిందటే, బట్టల సరసర, షూస్ కిర్రుమోత రోగిని ఎంత బాధపెడతాయో రాసింది. నైట్ డ్యూటీలో అప్పుడే కునుకు పట్టిన పేషెంట్ పక్కనుంచి కీచుమనే రబ్బరు సోల్‌తో నడిచి చూడండి, నైటింగేల్ ఎందుకంత విసుక్కుందో తెలుస్తుంది.

ముందు మూసి ఉండాలన్నదీ నూటికి నూరుపాళ్లు సరైనదే. జారిన సూది ఎప్పుడూ మొన కిందికే పడుతుందేమో అనిపిస్తుంది నాకు. పైన బెజ్జాలున్న క్లాగ్స్ (మందపాటి రబ్బరు చెప్పులు) ఎంత హాయిగా ఉన్నా వార్డులో వద్దనేది అందుకే. మడమ దగ్గర పట్టీ లేనివి అసలే వద్దు, ఎమర్జెన్సీలో పరుగెత్తితే కాలు ఒకచోట, చెప్పు ఒకచోట. ఇక జాలీ గుడ్డతో చేసిన రన్నింగ్ షూస్. నేనూ ఒక ఏడాది అవే వేసుకున్నాను, గాలి ఆడుతుంది, తేలిగ్గా ఉంటాయి. ఒకరోజు యూరిన్ బ్యాగ్ ఖాళీ చేస్తుంటే పైపు చెయ్యి జారింది. ఒక్క క్షణంలో జాలీలోంచి సాక్స్ దాకా తడిసింది. టైము పదకొండు. డ్యూటీ దిగేది రాత్రి ఎనిమిదికి. మారు సాక్స్ లేవు, మారు జత లేదు. ఆ తొమ్మిది గంటలు నేను ఎలా నడిచానో నాకే తెలుసు. అప్పటినుంచి తడిగుడ్డతో తుడిస్తే పోయేలా పైభాగం నున్నగా ఉన్నవే కొంటున్నాను, లాకర్‌లో రెండు జతల సాక్స్ ఎప్పుడూ ఉంటాయి.

కాబట్టి రూల్స్‌తో నాకు పేచీ లేదు. రూలు రంగు దగ్గరే ఆగిపోవడంతోనే పేచీ.

తెలుపైతే మురికి వెంటనే కనపడుతుంది, అందుకే శుభ్రం అంటారు. బాగానే ఉంది. మరి మరక పడితే మనం చేసేదేంటి? డ్యూటీకి పది నిమిషాల ముందు దాని మీద తెల్ల పాలిష్ పూస్తాం. మరక ఎక్కడికీ పోదు, పాలిష్ కింద భద్రంగా ఉంటుంది. పైన పటారం, లోన లొటారం. నల్ల షూని సరిగ్గా కడిగి ఆరబెట్టుకున్నవాళ్లు నాకంటే శుభ్రంగా ఉన్నట్టే కదా.

సోల్ సంగతి చెప్పేవాళ్లు లేరు కాబట్టి నేనే చెబుతాను. ఉద్యోగాల్లో వాడే షూస్‌కి ఐఎస్ఓ 20347 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం చేసిన జతల మీద ఎస్ఆర్ఏ, ఎస్ఆర్‌బీ, ఎస్ఆర్‌సీ అని గుర్తులుండేవి. సబ్బు నీళ్లున్న సిరామిక్ టైల్ మీద జారకుండా పాసైతే ఎస్ఆర్ఏ, గ్లిజరిన్ పూసిన స్టీల్ మీద పాసైతే ఎస్ఆర్‌బీ, రెండూ పాసైతే ఎస్ఆర్‌సీ. తర్వాత ప్రమాణం మారింది. ఇప్పుడు సబ్బు నీళ్ల టైల్ పరీక్ష మామూలుగా ఉండాల్సిందే, గ్లిజరిన్ పూసిన టైల్ మీద కూడా పాసైన కొత్తవాటి మీద ఎస్ఆర్ అని ఉంటోంది. సబ్బు నీళ్లున్న టైల్ అంటే ఇంకేంటి, తుడిచిన మన వార్డు కారిడారే! ఇంత ముఖ్యమైన గుర్తు గురించి నాకు నర్సింగ్ చదువులో ఎవరూ చెప్పలేదు. టోపీ పిన్ను ఏ కోణంలో పెట్టుకోవాలో మాత్రం అరగంట చెప్పారు.

ఇక అందరూ ఇచ్చే సలహా: "మెత్తగా ఉన్నవి కొనుక్కో." ఈ సలహా నమ్మే నా మడమ పాడు చేసుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో దూది మీద నడిచినట్టుండే జత కొన్నాను. షాపులో రెండడుగులు వేస్తే స్వర్గం. మూడు నెలలు తిరిగేసరికి లోపలి ఫోమ్ అణిగిపోయి అట్టముక్కలా తయారైంది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టుండేది. పది అడుగులు నడిస్తే కాస్త తగ్గేది, కూర్చుని లేస్తే మళ్లీ మొదలు. ప్లాంటార్ ఫేషియైటిస్ అన్నారు డాక్టరు. మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద బిగువైన పట్టీ ఒకటి ఉంటుంది, రోజూ అతిగా సాగి సాగి అది దెబ్బతింటుంది. పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు ఉన్నాయని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. వాటిని దేంట్లో పెట్టి తిప్పుతున్నానో మాత్రం చూసుకోలేదు.

ఇప్పుడు షాపులో నేను షూని ముందు చేతులతో పరీక్షిస్తాను, సేల్స్‌మన్ వింతగా చూస్తాడు, చూడనీ. రెండు చివర్లూ పట్టుకుని వంచితే వేళ్ల మొదట్లో వంగాలి, నడిమధ్యలో మడత పడకూడదు. తడిబట్ట పిండినట్టు మెలితిప్పితే అంత సులువుగా తిరగకూడదు. మడమ వెనక గోడని బొటనవేలితో నొక్కితే సొట్ట పడకూడదు. ఈ మూడూ దాటాకే కాలు పెడతాను.

అదీ సాయంత్రం పూట, వీలైతే డ్యూటీ దిగి వెళ్లినప్పుడు. రోజంతా నిలబడ్డాక పాదం వాస్తుంది కాబట్టి పొద్దున సరిపోయిన జత రాత్రికి బిగుస్తుంది. వెళ్లేముందు తెల్ల కాగితం మీద నిలబడి (కూర్చుని కాదు, బరువు పడితేనే పాదం పరుచుకుంటుంది) చుట్టూ పెన్సిల్‌తో గీసుకోండి. ఆ గీత మీద షూ పెట్టి చూడండి. గీత బయటికి కనపడితే మీ చిటికెన వేలు ఎందుకు కాయ కాసిందో అర్థమైపోతుంది. నా కుడి పాదం ఎడమదానికంటే కాస్త పెద్దదని నాకు అలాగే తెలిసింది. చాలామందికి ఏదో ఒక పాదం కాస్త పెద్దగా ఉంటుంది, పెద్ద పాదానికి సరిపోయిందే కొనాలి. పొడుగైన వేలి ముందు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. సన్నగా ఉండే ఆడవాళ్ల మోడల్‌లో ఇరుక్కోలేక నేను మగవాళ్ల సెక్షన్‌లో కొంటాను. రూలులో అది రాసి లేదు కాబట్టి ఇంతవరకు ఎవరూ పట్టుకోలేదు.

ఎంత మంచి జతైనా కలకాలం ఉండదు. రన్నింగ్ షూస్ కుషన్ 500 నుంచి 800 కిలోమీటర్ల దాకా పనిచేస్తుందని లెక్క. నా ఫోన్ చూస్తే ఒక డ్యూటీకి దాదాపు 7 కిలోమీటర్లు తిరుగుతున్నాను. వారానికి నాలుగు డ్యూటీలు, అంటే 28. నాలుగు నుంచి ఆరున్నర నెలల్లో జత అయిపోయినట్టే. పైన తళతళలాడుతున్నా లోపల ప్రాణం ఉండదు. ఇంకా బాగానే ఉన్నాయి కదా అని రెండేళ్లు లాగించేవాళ్లలో నేనూ ఒకదాన్ని.

లాగించక ఏం చేస్తాం? గ్లౌజులు ఆస్పత్రి ఇస్తుంది, మాస్కు ఇస్తుంది, ఏప్రన్ ఇస్తుంది. పని చేసే కాళ్లకి వేసుకునేది మాత్రం మన జీతంలోంచి కొనుక్కోవాలి, అదీ వాళ్లు చెప్పిన రంగులో. రంగు చెప్పే హక్కు ఉన్నప్పుడు డబ్బు పెట్టే బాధ్యత ఉండదా? నేను ఈ మాట ఒక మీటింగ్‌లో అడిగితే, "నర్సింగ్ అంటే సేవ సిస్టర్, కాళ్ల నొప్పులు మామూలే" అన్నారు ఒకాయన. ఆయన కూర్చునే అన్నారు.

నొప్పి మామూలు కాదు. నడుస్తుంటే పిక్క కండరాలు బిగుస్తూ వదులవుతూ కాళ్లలో రక్తాన్ని పైకి తోస్తాయి. ఒకేచోట నిలబడితే ఆ పని కుంటుపడి రక్తం కిందే నిలుస్తుంది. అందుకే రోజంతా తిరిగే వార్డు నర్సు కంటే ఆపరేషన్ థియేటర్‌లో సర్జన్‌కి పరికరాలు అందిస్తూ నాలుగు గంటలు కదలకుండా నిలబడే స్క్రబ్ నర్సుకి కాళ్లు ఎక్కువ లాగుతాయి. వాళ్లలో కొందరు 15–20 ఎంఎంహెచ్‌జీ ప్రెషర్‌తో కాలిని బిగువుగా పట్టి ఉంచే కంప్రెషన్ సాక్స్ వేసుకుంటారు, నాకూ బాగా పనిచేశాయి. షుగరు ఉన్నవాళ్లు, కాళ్లకి రక్తప్రసరణ సరిగా లేనివాళ్లు మాత్రం డాక్టర్ని అడగకుండా వేసుకోవద్దు.

నన్ను రాయమంటే డ్రెస్ కోడ్‌లో షూస్ గురించిన ఆ లైను ఇలా రాస్తాను: ముందూ వెనకా మూసి ఉండాలి, తుడిస్తే శుభ్రమవ్వాలి, తడి నేల మీద జారకూడదు, చప్పుడు రాకూడదు, ఏడాదికి రెండు జతల ఖర్చు ఆస్పత్రిదే. రంగు మీ ఇష్టం. ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కి చూపించాను. చదివి, "రంగు మీ ఇష్టం అన్నది తీసెయ్, మిగతాది పైకి పంపుతా" అన్నారు. ఆవిడా రోజూ నిలబడే మనిషే, మడమ నొప్పికి రాత్రిపూట ఐస్ పెట్టుకుంటారని నాకు తెలుసు.

నా షూ మీద ప్లాస్టర్ ఇంకా అలాగే ఉంది, అంచులు లేస్తున్నాయి. నిన్న సాయంత్రం ఆ జూనియర్ అమ్మాయి షాపుకి బయల్దేరుతూ ఫోన్ చేసింది. "అక్కా, ఆ కాగితం ఎడమ కాలిదొక్కటి చాలా, రెండూ గీసుకోవాలా?" రెండూ గీసుకోమన్నాను.